‘శక్తి’ అనే మాటతో నా పేచీ

మా పిన్ని కొడుక్కి హెపటైటిస్ బి ఉన్న సంగతి రక్తదానం చేయడానికి వెళ్ళినప్పుడు బయటపడింది. ఒంట్లో నలత ఏమీ లేదు, కాలేయ పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. డాక్టరు ధైర్యం చెప్పి, మందులు ఇప్పుడే అక్కరలేదని, ఆరు నెలలకొకసారి వచ్చి పరీక్షలు చేయించుకోమని పంపారు. పదిహేను రోజుల తరువాత వాడు నాకు ఫోన్ చేశాడు. “అక్కా, నాలో రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టే ఈ వైరస్ నన్ను వదలలేదట. అది పెంచుకుంటే రేపు లివర్ క్యాన్సర్ రాదట. నిజమేనా?” ఎక్కడ విన్నావని అడిగితే ఒక ప్రసంగం వీడియో పంపాడు.

పాథాలజీ విభాగంలో పాతికేళ్ళు సూక్ష్మదర్శిని కింద కణజాలపు గాజుపలకలు చూస్తూ గడిపినదాన్ని కాబట్టి జవాబు తేలికగా చెప్పగలనని వాడి నమ్మకం. నేను మాత్రం అవునననూ లేకపోయాను, కాదననూ లేకపోయాను. వాడి ప్రశ్నలో మొదటి సగం కొంత నిజం, రెండవ సగం కొన్ని పరిస్థితులలో నిజానికి సరిగ్గా ఎదురు. “ఆలోచించి చెబుతాను” అన్నాను. డాక్టర్లు ఆలోచించి చెబుతాననడం దుర్వార్తకు ముందుమాట అనుకునే అలవాటు అందరికీ ఉంటుంది కాబట్టి వాడు ఆ రాత్రి నిద్రపోలేదని తరువాత తెలిసింది. ఆ ఆలోచనే ఈ వ్యాసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ‘రోగనిరోధక శక్తి’ అన్న మాటలో ‘రోగనిరోధక’ అన్న భాగంతో నాకు తగాదా లేదు, ‘శక్తి’తోనే. శక్తి అనగానే అది కొలవదగిన, తగ్గే, పెరిగే, ఎంత ఉంటే అంత మంచిదయ్యే వస్తువుగా మనసులో కుదురుకుంటుంది. ‘ఇమ్యూనిటీ పవర్’ అనే మాట అందుకే అంత సులువుగా నోటికెక్కింది. కానీ వైరస్‌ల వల్ల వచ్చే క్యాన్సర్లలో రోగనిరోధక కణాల పాత్రను అర్థం చేసుకోవాలంటే ఎంత శక్తి ఉందన్నది అడగవలసిన ప్రశ్న కాదు. ఏ కణం, ఏ చోట, ఎంతకాలంగా, ఎవరి అదుపులో ఏం చేస్తోందన్నది అడగవలసిన ప్రశ్న.

ఆ మాటకు అనుకూలంగా

ప్రత్యర్థి వాదాన్ని బలహీనంగా చెప్పి గెలవడం నాకిష్టం లేదు. ‘శక్తి తగ్గితే క్యాన్సర్ వస్తుంది’ అనడానికి గట్టి సాక్ష్యమే ఉంది, అది కూడా సరిగ్గా వైరస్ క్యాన్సర్లలోనే ఉంది.

ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను తీసుకోండి. 1964లో, రోగనిరోధక కణాల క్యాన్సర్లలో ఒకటైన బర్కిట్ లింఫోమా కణాలలో మొదట కనిపించిన ఈ వైరస్ ప్రపంచంలోని పెద్దవారిలో నూటికి తొంభైమందికి పైగా ఒంట్లో జీవితాంతం ఉంటుంది. ఉండేది కూడా ఎక్కడో కాదు, యాంటీబాడీలు తయారుచేసే బి-కణాలలోనే. దాదాపు అందరిలోనూ, వైరస్ సోకిన కణాలను వెతికిపట్టే టి-కణాలు దానిని కనిపెట్టుకుని ఉంటాయి కనుక ఏమీ కాదు. మూత్రపిండమో గుండెయో మార్పిడి చేయించుకున్నవారికి, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఆ టి-కణాలను అణచే మందులు ఇస్తారు. అప్పుడు కొందరిలో ఆ బి-కణాలు అదుపు తప్పి లింఫోమాగా మారతాయి. 1984లో థామస్ స్టార్జ్ల్ బృందం ఈ కథలోని రెండవ భాగాన్ని చూపించింది. అణచివేత మందులను తగ్గించగానే కొందరిలో ఆ కణితులు వాటంతటవే కరిగిపోయాయి. శస్త్రచికిత్స లేదు, కీమోథెరపీ లేదు, కాపలా తిరిగి వచ్చిందంతే.

ఎయిడ్స్ రోగులలో వచ్చే కపోసీ సార్కోమా అనే క్యాన్సర్ సంగతీ ఇదే కథ. 1981లో ఎయిడ్స్‌ను వైద్యలోకం గుర్తించడానికి కారణమైన లక్షణాలలో అదొకటి. దాని వెనుక ఉన్న హెర్పిస్ వైరస్‌ను 1994లో యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ కనిపెట్టారు. హెచ్‌ఐవీ మందుల వల్ల సీడీ4 అనే రకం టి-కణాలు కోలుకున్నప్పుడు చాలామందిలో ఈ క్యాన్సర్ తెచ్చే ఊదారంగు మచ్చలు మానిపోతాయి.

నాకు వీటన్నిటికంటే ఎక్కువ నచ్చిన సాక్ష్యం 2007లో ఆండ్రూ గ్రూలిక్ బృందం ప్రచురించిన పోలిక. హెచ్‌ఐవీ ఉన్నవారిలోనూ, అవయవ మార్పిడి జరిగినవారిలోనూ ఏ క్యాన్సర్లు పెరుగుతాయో వారు పక్కపక్కన పెట్టి చూశారు. జీవితాలకు పోలికలేని ఈ రెండు సమూహాలలోనూ దాదాపు ఒకే క్యాన్సర్లు పెరిగాయి, వాటిలో అధికభాగం ఇన్‌ఫెక్షన్లతో ముడిపడినవే. రొమ్ము క్యాన్సర్, ప్రోస్టేట్ క్యాన్సర్ వంటివి పెరగలేదు. అంటే రోగనిరోధక కాపలా అన్ని క్యాన్సర్ల మీదా సమానంగా పనిచేయదు, అది ముఖ్యంగా వైరస్‌ల మీది కాపలా. క్యాన్సర్‌ను అడ్డుకోవడం చాలావరకు ఆ పనిలో కలిసివచ్చిన లాభం.

ఇంతవరకు ఆ వీడియోలోని వక్త ఒప్పే. ఆయన ఇక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

కాలేయంలో జరిగేది

హెపటైటిస్ బి వైరస్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అది కాలేయ కణాన్ని నేరుగా పెద్దగా గాయపరచదు. కణంలో చేరి, తన నకళ్ళు తీసుకుంటూ, రక్తంలో కోట్ల సంఖ్యలో ఉంటూ కూడా ఏళ్ళ తరబడి కాలేయాన్ని ప్రశాంతంగా ఉంచగలదు. మా తమ్ముడి రిపోర్టులో వైరస్ సంఖ్య అంత ఎక్కువగా ఉండి, ఏఎల్‌టీ మామూలుగా ఉండడానికి కారణం అదే. ఏఎల్‌టీ అన్నది కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైము. హెపటైటిస్ బిలో ఆ దెబ్బ కొట్టే చెయ్యి చాలావరకు వైరస్‌ది కాదు. వైరస్ ఉన్న కణాలను వెతికి చంపే సీడీ8 టి-కణాలది, వాటి పిలుపు విని వచ్చి చేరే మిగతా కణాలది.

1998లో ఫ్రాన్సిస్ చిసారి బృందం చేసిన ఎలుకల ప్రయోగం గురించి చదివిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఎలుకల కాలేయ కణాలు పుట్టుకతోనే వైరస్ పైపొర ప్రోటీన్‌ను తయారుచేసేలా వాటి జన్యువులను మార్చారు. పుట్టుకతో వచ్చినది కనుక ఎలుక శరీరం దానిని తనదిగానే భావిస్తుంది, కాలేయం చల్లగా ఉంటుంది. అప్పుడు ఆ ఎలుకల సొంత రోగనిరోధక వ్యవస్థను తీసివేసి, ఆ ప్రోటీన్‌ను పరాయిదిగా గుర్తించే కణాలను వేరే ఎలుకల ప్లీహం నుంచి తెచ్చి ఎక్కించారు. వాటికి దీర్ఘకాలిక హెపటైటిస్ వచ్చింది, ఆ తరువాత కాలేయ క్యాన్సర్ వచ్చింది. ఆ కాలేయాలలో వైరస్ వృద్ధి చెందడం లేదు, విషపదార్థం ఏదీ ఇవ్వలేదు. కొత్తగా వచ్చి చేరినవి రోగనిరోధక కణాలు మాత్రమే.

దీనికి కారణం విప్పి చెబితే కష్టమైనదేమీ కాదు. చనిపోయిన కణం స్థానాన్ని భర్తీ చేయడానికి పక్క కణం విభజన చెందుతుంది. ప్రతి విభజనలోనూ డీఎన్‌ఏ నకలులో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. శోథ, అంటే రోగనిరోధక కణాలు గుమికూడి వచ్చే వాపు, ఉన్నచోట చెత్తను మింగే కణాలైన మాక్రోఫేజ్‌లు విడుదలచేసే ఆక్సిజన్ రాడికల్స్ డీఎన్‌ఏను నేరుగా కూడా దెబ్బతీస్తాయి. గాయం మానకుండానే మళ్ళీ గాయమైతే మచ్చకట్టి, సిర్రోసిస్‌గా గట్టిపడుతుంది. ఇరవై, ముప్ఫై ఏళ్ళు ఈ కూల్చడమూ కట్టడమూ సాగితే, కట్టేవాళ్ళలో ఒకడు నక్షా మరిచిపోతాడు.

కంచే చేను మేసిందని సామెత చెప్పుకోవచ్చు గాని, నాకది ఇక్కడ అతకలేదు. ఆ సామెతలో కంచె ద్రోహం చేస్తుంది. ఇక్కడ కంచె తనకు అప్పగించిన పనినే మానకుండా చేస్తూ వచ్చింది.

ఇక్కడే ఒక బలమైన ఆక్షేపణ ఉంది, దానితో నేను చాలా రోజులు కుస్తీ పట్టాను. పెద్దవయసులో ఈ వైరస్ సోకినవారిలో నూటికి తొంభై అయిదుమంది కొన్ని నెలలలోనే దానిని వదిలించుకుంటారు. వారి టి-కణాల దాడి బలంగా, వైరస్‌లోని అనేక భాగాల మీద ఒకేసారి జరుగుతుంది. దీర్ఘకాలం వ్యాధి నిలిచినవారిలో ఆ దాడి నీరసంగా, గెలవడానికి చాలక, గాయపరచడానికి మాత్రం చాలినట్లుగా ఉంటుంది. అలాంటప్పుడు, ‘చూశారా, శక్తి చాలకపోవడమే అసలు జబ్బు’ అని ఎవరైనా అంటే ఏం చెప్పాలి?

రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, ఆ దాడి మితిమీరితే కాలేయం రోజులలోనే కుప్పకూలి ప్రాణం పోతుంది. అంటే ఒక దశ దాటాక ఎక్కువ ఉండడం మేలు కాదు. రెండవది ఇంకా ముఖ్యమైనది. 1999లో లూకా గిడోటీ, చిసారి బృందం చింపాంజీలలో ఈ వైరస్ ఎలా తొలగిపోతుందో చూసినప్పుడు, కణాలు పెద్దఎత్తున చనిపోకముందే కాలేయంలోని వైరస్ డీఎన్‌ఏలో అధికభాగం మాయమైందని తేలింది. రోగనిరోధక కణాలు ఇంటర్ఫెరాన్ వంటి సంకేతాలను వెదజల్లితే, ఆ కబురు అందుకున్న కాలేయ కణాలు చావకుండానే లోపలి వైరస్‌ను వదిలించుకోగలవు. ఇంటిని కూల్చకుండా దొంగను బయటికి పంపడం లాంటిది ఇది. ఆ ఆక్షేపణను నేను పూర్తిగా కొట్టివేశానని అనుకోను. దీర్ఘకాలిక రోగులలో టి-కణాలు అలసిపోయి ఉండడం నిజమే. కానీ అవి ఎంత గట్టిగా కొడుతున్నాయన్నది ఎంత ముఖ్యమో, ఎలా కొడుతున్నాయన్నది అంతకంటే ముఖ్యం.

మరో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. హెపటైటిస్ బిలో క్యాన్సర్‌కు శోథ ఒక్కటే దారి కాదు. వైరస్ డీఎన్‌ఏ మన డీఎన్‌ఏలో చొరబడి జన్యువులను చెదరగొడుతుంది, అందుకే సిర్రోసిస్ లేని కాలేయంలో కూడా ఈ క్యాన్సర్ రావచ్చు. ఎలుకల ప్రయోగం ఒక దారి ఉందని నిరూపించింది, మిగతా దారులు లేవని కాదు.

ఒక గాజుపలక

పాథాలజీలో చేరిన మొదటి సంవత్సరం మా గురువుగారు ఒక గాజుపలక నా సూక్ష్మదర్శిని కింద పెట్టి, “ఇందులో క్యాన్సర్ ఎక్కడుందో చూపించమ్మా” అన్నారు. మెడలోని లింఫ్ గ్రంథి నుంచి తీసిన ముక్క అది. నాకు కనిపించినవన్నీ మామూలు రోగనిరోధక కణాలే, లింఫోసైట్లు, ఇయోసినోఫిల్స్, ప్లాస్మా కణాలు, మాక్రోఫేజ్‌లు. అరగంట వెతికి, ఇది ఇన్‌ఫెక్షన్ వల్ల ఉబ్బిన గ్రంథి అని చెప్పాను. ఆయన నవ్వి, పలకను కొంచెం జరిపి, గుడ్లగూబ ముఖంలా రెండు పెద్ద కేంద్రకాలతో ఉన్న ఒకే ఒక్క కణాన్ని చూపించారు. అది రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం, ఆ జబ్బు హాడ్జ్‌కిన్ లింఫోమా.

హాడ్జ్‌కిన్ కణితిలో అసలు క్యాన్సర్ కణాలు తరచు నూటికి ఒకటి ఉంటాయేమో, అంతే. చేతికి తగిలే ఆ గడ్డ అంతా చుట్టూ చేరిన రోగనిరోధక కణాలే. కొందరు రోగులలో ఆ ఒక్క కణం లోపల మళ్ళీ ఎప్‌స్టీన్-బార్ వైరసే ఉంటుంది. పైగా ఆ క్యాన్సర్ కణం కూడా పుట్టుకతో బి-కణమే. రోగనిరోధక కణాల ‘సంఖ్య’ను శక్తికి కొలతగా తీసుకుంటే ఇంతకంటే శక్తిమంతమైన చోటు శరీరంలో మరొకటి ఉండదు. అయినా అక్కడ క్యాన్సర్ హాయిగా బతుకుతోంది. అది రసాయన సంకేతాలతో ఆ కణాలను పిలిపించుకుంటుంది, వాటిలో ఇతర కణాల దాడిని అణచే నియంత్రక టి-కణాలను చుట్టూ కూర్చోబెట్టుకుంటుంది, మిగతా టి-కణాల మీద ఉండి వాటి దాడిని ఆపే పీడీ-1 అనే మీటను నొక్కి ఉంచుతుంది. కాపలాదారులు వచ్చారు, వచ్చి అతిథులయ్యారు.

ఆ నియంత్రక కణాలను ఆషామాషీగా తీసివేయడానికి లేదు. అవి లేకపోతే శరీరం తనను తానే తినేస్తుంది. వాటి సంగతి వెలికితీసినందుకే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగూచిలకు 2025లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ‘శక్తి’ పరిభాషలో వీటిని ఎక్కడ ఇరికించాలో నాకు అర్థం కాదు. అవి ఎక్కువైతే శక్తి పెరిగినట్టా, తగ్గినట్టా?

ఇంతకంటే చిత్రమైనది హెచ్‌టీఎల్‌వీ-1. 1980లో బయటపడిన ఈ వైరస్ సీడీ4 టి-కణాలలోనే కాపురం పెట్టి, సోకినవారిలో కొద్దిమందికి దశాబ్దాల తరువాత, ఆ టి-కణాలనే లుకేమియాగా మారుస్తుంది. ఇక్కడ రోగనిరోధక కణమే రోగి.

వినిపించని చోట

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్‌పీవీ దీనికి పూర్తిగా భిన్నమైన పాఠం చెబుతుంది. ఆ వైరస్ రక్తంలోకి రాదు. పైచర్మపు అడుగు పొరలో చేరి, ఆ కణాలు పైకి ఎదిగి రాలిపోయే క్రమంలోనే తన పని కానిచ్చుకుంటుంది. ఏ కణాన్నీ పగలగొట్టి బయటికి రాదు కనుక శోథ ఉండదు, శోథ లేదు కనుక, టి-కణాలకు వార్త మోసే డెండ్రైటిక్ కణాలకు కబురే అందదు. అయినా ఎక్కువమందిలో రెండేళ్ళలోపు టి-కణాలు దానిని పసిగట్టి తొలగిస్తాయి. మిగిలిన కొద్దిమందిలో అది ఏళ్ళ తరబడి ఉండిపోయి, ఈ6, ఈ7 అనే రెండు ప్రోటీన్లతో కణంలోని పీ53, ఆర్‌బీ అనే రెండు కాపలాలను పడగొడుతుంది. ఆ మిగిలినవారు బలహీనులా? అత్యధికులు సంపూర్ణ ఆరోగ్యవంతులే, జలుబును, గాయాలను అందరిలాగే జయిస్తున్నవారే. వారిలో లోపించినది శక్తి కాదు, ఆ ఒక్క చోట ఆ ఒక్క సమయానికి అందవలసిన కబురు.

హెచ్‌పీవీ టీకా ఈ చిక్కును ముందే తప్పిస్తుంది. బి-కణాల చేత యాంటీబాడీలు తయారుచేయించి, వైరస్ ఆ అడుగు పొరకు చేరకముందే దానిని పట్టుకుంటుంది. అయితే వైరస్ అప్పటికే కణంలో చేరిపోయి ఉంటే అదే టీకా దానిని తొలగించలేదు. టీకా ‘శక్తిని పెంచేదే’ అయితే అప్పుడు కూడా పనిచేయాలి కదా.

చికిత్సలు చెప్పిన సాక్ష్యం

ఈ మధ్య సంవత్సరాలలో వచ్చిన చికిత్సలను చూపి, ‘రోగనిరోధక శక్తిని పెంచే మందులతో క్యాన్సర్ నయమవుతోంది’ అని రాస్తున్నారు. హాడ్జ్‌కిన్ లింఫోమాలో ఇతర చికిత్సలన్నీ విఫలమైన 23 మందికి పీడీ-1ను అడ్డుకునే నివోలుమాబ్ ఇస్తే 20 మందిలో కణితి కుంచించుకుపోయిందని 2015లో వచ్చిన ఫలితం నన్ను కూడా కుర్చీలోంచి లేపింది. నేను చూసిన ఆ పలక మీద నిద్రపోతున్నట్టున్న కణాలు లేచి పనిచేశాయన్నమాట. కానీ ఆ మందు శక్తిని పెంచలేదు, నొక్కి ఉంచిన మీటను వదిలింది.

ఆ మీట అందరిలోనూ ఒకే పని చేయదని 2018లో తెలిసింది. హెచ్‌టీఎల్‌వీ-1 వల్ల వచ్చే లుకేమియా రోగులకు అదే మందు ఇచ్చి చూశారు. మొదటి ముగ్గురిలోనూ ఒక్క మోతాదు తరువాత జబ్బు వేగంగా ముదిరింది. క్యాన్సర్ కణమే టి-కణమైనప్పుడు మీట వదిలితే పరుగెత్తేది ఎవరన్నది ఊహించదగినదే. ఊహించలేదని ఆ పరిశోధకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఫలితం తెలిశాక ఊహించడం ఎవరికైనా తేలికే.

నా సొంత వాదాన్ని కూడా ఇబ్బంది పెట్టిన ఫలితం ఒకటుంది. ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న తొమ్మిదిమందికి, వారి కణితిలోంచే తీసి, హెచ్‌పీవీ ప్రోటీన్లను గుర్తించేవాటికి ప్రాధాన్యమిచ్చి పెంచిన టి-కణాలను అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో తిరిగి ఎక్కించారు. 2015లో ప్రచురించిన వివరాల ప్రకారం ముగ్గురికి మేలు జరిగింది, వారిలో ఇద్దరిలో కణితులు పూర్తిగా మాయమయ్యాయి. ఆ ఇద్దరి కణాలనూ తరువాత విశ్లేషిస్తే, క్యాన్సర్‌ను గుర్తించిన టి-కణాలలో ఎక్కువభాగం వైరస్‌ను కాకుండా, కణితిలోని ఇతర అసహజ ప్రోటీన్లను గుర్తించేవని 2017లో తేలింది. వైరస్ క్యాన్సర్లలో వైరసే లక్ష్యమన్న నా చిరకాలపు నమ్మకానికి అది దెబ్బ. ఎవరు దేనిని గుర్తిస్తున్నారో మనం అనుకున్నదానికీ, జరుగుతున్నదానికీ ఇంత దూరం ఉన్నప్పుడు, మొత్తాన్నీ ‘శక్తి’ అనే ఒక్క మూటలో కట్టడం మరీ అన్యాయంగా తోస్తుంది.

మరి ఏమనాలి?

పేరులో ఏముంది, వాడుకలో స్థిరపడిన మాటను ఎందుకు కదిలించాలని మా విభాగంలోనే ఒక మిత్రురాలు వాదించింది. ఆమె మాటలో న్యాయముంది. ‘రోగనిరోధకత’ అనే మాట పుస్తకాలలో ఉంది గాని, నోటికి తిరగదు. ‘రక్షణ వ్యవస్థ’ అంటే మళ్ళీ సైన్యమూ, యుద్ధమూ వచ్చి కూర్చుంటాయి. మంచి ప్రత్యామ్నాయం నా దగ్గర లేదు. అయినా ఈ మాట వల్ల జరిగే హాని కేవలం భాషకు సంబంధించినది కాదు. అది రోగి మీద నింద మోపుతుంది. హెపటైటిస్ బి పుట్టిన సమయంలో సోకితే నూటికి తొంభైమందిలో జీవితాంతం ఉండిపోతుంది. మా తమ్ముడికి ఎప్పుడు సోకిందో ఎవరికీ తెలియదు, చాలావరకు అప్పుడే అయి ఉండాలి. పొత్తిళ్ళలోని పసికందుకు శక్తి చాలలేదని ముప్ఫై అయిదేళ్ళ తరువాత ఆ మనిషిని ఒప్పించడం క్రూరత్వం.

వాడికి ఇదంతా ఒక ఆదివారం కూర్చోబెట్టి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఎంత ఒంటబట్టిందో అప్పుడు తెలియలేదు.

ఏడాదిన్నర తరువాత వాడి ఏఎల్‌టీ మామూలుకు మూడింతలైంది. ఇంతకాలం మౌనంగా ఉన్న టి-కణాలు కాలేయంలో పని మొదలుపెట్టాయని, ఇక ఆగకూడదని డాక్టరు టెనోఫోవిర్ ప్రారంభించారు. వైరస్ నకళ్ళు తీసుకోవడాన్ని ఆ మందు ఆపుతుంది. వైరస్ తగ్గితే కణాల దాడీ సద్దుమణుగుతుంది. ఇలాంటి మందులలో పాతదైన లామివుడిన్‌ను ముదిరిన కాలేయ వ్యాధి ఉన్న 651 మందిలో పరీక్షించి 2004లో ప్రచురించినప్పుడు, మందు తీసుకున్నవారిలో 3.9 శాతానికి, తీసుకోనివారిలో 7.4 శాతానికి కాలేయ క్యాన్సర్ వచ్చింది. ముప్పు సగానికి తగ్గింది, సున్నా కాలేదు, అందుకే ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ మానకూడదు. ఇవన్నీ వాడికి ఫోన్‌లో మళ్ళీ చెప్పబోతుంటే మధ్యలో ఆపాడు.

“అంటే అక్కా, ఆ వీడియో ఆయన లెక్కలో నా శక్తి ఇప్పుడు పెరిగినట్టు. దాన్ని తగ్గించడానికి నేను మాత్ర వేసుకుంటున్నాను. అంతేనా?”

“దాదాపుగా అంతే” అన్నాను.